గాజు బరువు, చేతి వణుకు

కానన్ కంపెనీ 1999లో తెచ్చిన 600 మిల్లీమీటర్ల ఎఫ్/4 లెన్స్ బరువు 5,360 గ్రాములు. 2011లో ప్రకటించిన రెండో రూపం 3,920 గ్రాములు తూగింది. 2018 సెప్టెంబరులో ప్రకటించిన మూడోది 3,050 గ్రాములు. మూడింటి ఫోకల్ లెంగ్త్ ఒకటే, వెలుతురును లోపలికి రానిచ్చే ద్వారం వెడల్పూ ఒకటే. దూరాన చెట్టు మీదున్న కొంగ మూడింట్లోనూ అంతే పెద్దగా కనిపిస్తుంది. కానీ ఇరవై ఏళ్లు తిరిగేసరికి 2,310 గ్రాములు మాయమయ్యాయి. అవి ఎటు పోయాయన్నది కాస్త ఆసక్తికరమైన కథ. అందులో దీపస్తంభాలున్నాయి, ఉప్పులా మెరిసే ఒక ఖనిజం ఉంది, మనిషి కండరాల బలహీనతా ఉంది.

కొల్లేరు అంచున, కైకలూరు దగ్గరి ఆటపాకలో పడవ ఎక్కినవాళ్లకు ఈ బరువుల లెక్క వెంటనే అర్థమవుతుంది. అక్కడ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఎదిగిన గూడబాతు నాలుగు నుంచి ఆరు కిలోలుంటుంది. అంటే 1999 నాటి లెన్స్ పట్టుకున్నవాడు ఒక గూడబాతును ఫొటో తీయడానికి ఇంచుమించు ఇంకో గూడబాతును చేతుల్లో మోస్తున్నట్టే. కెమెరా కూడా కలిస్తే మొత్తం ఏడు కిలోల దగ్గరికి చేరుతుంది. అది ఆరేడు నెలల బిడ్డ బరువు. బిడ్డనైతే చంకనేసుకోవచ్చు, భుజం మార్చుకోవచ్చు. లెన్సును మాత్రం కంటి ఎత్తున ముందుకు చాచి, కదలకుండా నిలపాలి.

ట్రైపాడ్ ఉందిగా అనిపిస్తుంది. గట్టు మీద అది బాగానే పనికొస్తుంది. పడవలో దాని మూడు కాళ్లూ చెక్కకు ఆనగానే ఇంజను దడదడ మొత్తం లెన్సుకు ఎక్కుతుంది. మనిషి ఒళ్లు అలా కాదు. మోకాళ్లు, నడుము, మోచేతులు కుదుపును చాలావరకు తమలోనే మింగేస్తాయి. పైగా పక్షి ఎటునుంచి లేస్తుందో ముందే చెప్పి లేవదు. ట్రైపాడ్ తల వదులు చేసి తిప్పేలోగా అది రెల్లు దాటేస్తుంది. అందుకే పడవలోనూ గట్ల మీద నడకలోనూ చేతిపట్టుకే మొగ్గు. అప్పుడిక ప్రతి వంద గ్రాములూ లెక్కలోకి వస్తాయి.

ఇంతకీ ఆ బరువంతా ఎందుకు? చాలామంది పొడవు వల్ల అనుకుంటారు. అసలు దోషి వెడల్పు. ఎఫ్/4 అన్న గుర్తులోనే ఆ లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను నాలుగుతో భాగిస్తే ద్వారం వ్యాసం వస్తుంది. 600ను నాలుగుతో భాగిస్తే 150 మిల్లీమీటర్లు, అంటే కాఫీ సాసరంత వెడల్పున్న మందపాటి గాజు బిళ్ల. దాని వెనక మరో డజనుకు పైగా కటకాలు బారులు తీరి ఉంటాయి.

గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో జంతువుల ఎముకల గురించి ఒక మాట చెప్పాడు. ఆకారం మార్చకుండా ఒక వస్తువు కొలతలు రెట్టింపు చేస్తే దాని వైశాల్యం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతాయి. మేక కాలును ఊరికే సాగదీస్తే ఏనుగు కాలు కాకపోవడానికి కారణం ఇదే. గాజు బిళ్లకూ ఇదే సూత్రం. లోపలికొచ్చే వెలుతురు ద్వారం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి. ఎఫ్/4 బదులు ఎఫ్/6.3 తో సరిపెట్టుకుంటే 600 మిల్లీమీటర్ల లెన్సుకు ద్వారం 95 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. వెలుతురు 40 శాతానికి తగ్గుతుంది. అదే ఆకారంలో ఉన్న గాజు బరువు మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. వదులుకున్నదాని కన్నా దిగిన బరువు ఎక్కువ. చేతిపట్టు లెన్సుల వ్యాపారమంతా ఈ ఒక్క బేరం మీదే నడుస్తోంది.

నిజం లెన్సుల్లో లెక్క ఇంత శుభ్రంగా తేలదు. మోటార్లు, స్విచ్చులు, గొట్టం ఘనసూత్రాన్ని లక్ష్యపెట్టవు. అయినా తేడా చిన్నదేమీ కాదు. నికాన్ జెడ్ శ్రేణిలో 600 ఎఫ్/4 లెన్స్, లోపలే అమర్చిన టెలికన్వర్టర్‌తో కలిపి, 3,260 గ్రాములు. 2023 అక్టోబరులో వచ్చిన 600 ఎఫ్/6.3 బరువు 1,470 గ్రాములు. మొదటిది 437 మిల్లీమీటర్ల పొడవు, రెండోది 278. రెండోది బస్సులో ఒళ్లో పెట్టుకునే మామూలు సంచిలో పట్టేస్తుంది.

మరి ఈ బేరం ముప్పై ఏళ్ల కిందట ఎవరూ ఎందుకు ఆడలేదు? అప్పట్లో వెలుతురు అంత ఖరీదు. 1990లో వచ్చి ప్రకృతి ఫొటోగ్రాఫర్లందరినీ రంగుల మాయలో పడేసిన ఫ్యూజీ వెల్వియా ఫిల్ము వేగం 50 ఐఎస్ఓ. ఆ ఫిల్ముతో పొద్దున్నే ఎగిరే పక్షిని ఆపాలంటే ఎఫ్/4 కూడా చాలేది కాదు. ఇప్పటి సెన్సర్లతో 800 ఐఎస్ఓ దగ్గర సెకనులో రెండువేలో వంతు షట్టర్ వేగంతో ఎఫ్/4 మీద తీసిన ఫొటోను, ఎఫ్/6.3 మీద అదే షట్టర్ వేగంతో తీయాలంటే 2,000 ఐఎస్ఓ చాలు. ఆ రెంటి మధ్య నాణ్యత తేడా ఉంటుంది. కానీ దాన్ని పట్టుకోవడానికి తెర మీద ఫొటోను బాగా పెద్దది చేసి, పనిగట్టుకుని వెతకాలి.

ఇంకో అడ్డంకి ఫోకస్‌ది. అద్దమున్న ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఆటోఫోకస్ పరికరం అద్దం కింద విడిగా ఉండేది. లెన్స్ ద్వారం రెండు అంచుల నుంచి వచ్చే కిరణాలను పోల్చి దూరం తేల్చేది. ఆ రెండు అంచులూ ఎంత ఎడంగా ఉండాలో తయారీలోనే నిర్ణయమై ఉండేది. ద్వారం అంతకన్నా చిన్నదైతే కిరణాలు దానికి అందవు. దాంతో చాలా కెమెరాలు ఎఫ్/5.6 దగ్గర, కాస్త మెరుగైనవి ఎఫ్/8 దగ్గర చేతులెత్తేసేవి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ పని సెన్సరే చేసుకుంటుంది కాబట్టి ఆ గీత చెరిగిపోయింది. 2020 జులైలో కానన్ ధైర్యం చేసి 600, 800 మిల్లీమీటర్ల లెన్సులను ఎఫ్/11 తో తెచ్చింది. వాటి బరువులు 930, 1,260 గ్రాములు. అమెరికాలో విడుదల ధరలు 699, 899 డాలర్లు. ఎఫ్/11 అన్న మాట విని నవ్వినవాళ్లు కొందరున్నారు. ఎండ బాగా కాసే చోట వాటితో పక్షుల ఫొటోలు తీసి నోళ్లు మూయించినవాళ్లూ ఉన్నారు. ఒక రకంగా లెన్స్ తేలికైంది లెన్స్ తయారుచేసేవాళ్ల తెలివి వల్ల మాత్రమే కాదు. వెనకనున్న కెమెరా కన్ను చురుకైంది, అందుకే ముందున్న గాజు చిక్కిపోగలిగింది.

ఇక మొదటి ప్రశ్న. ద్వారం ఏమాత్రం చిన్నది కాకుండానే కానన్ లెన్స్ 2,310 గ్రాములు ఎలా తగ్గింది?

కొంత పదార్థంలో తగ్గింది. మెగ్నీషియం మిశ్రమలోహం, టైటానియం వాడారు. ముఖ్యంగా ఫ్లోరైట్ అనే స్ఫటికాన్ని, అంటే కాల్షియం ఫ్లోరైడును, కటకాలుగా వాడారు. గాజు తెల్లని వెలుతురును రంగులుగా చెదరగొడుతుంది. పటకంలో అది అందంగా ఉంటుంది కానీ లెన్సులో పెద్ద తలనొప్పి. ఫ్లోరైట్ రంగులను చాలా తక్కువ చెదరగొడుతుంది, అదే పని కోసం వాడే ప్రత్యేక గాజుల కన్నా తేలిక కూడా. పందొమ్మిదో శతాబ్దిలోనే జర్మనీలోని యేనాలో ఎర్న్‌స్ట్ అబ్బె సూక్ష్మదర్శినుల కోసం గనుల్లో దొరికే ఫ్లోరైట్ వాడాడు. అయితే సూక్ష్మదర్శినికి కావాల్సింది మినపగింజంత ముక్క. కెమెరాకు కావాల్సిన సాసరంత మచ్చలేని ముక్క భూమిలో దొరకదు. దాన్ని కొలిమిలో కృత్రిమంగా పెంచడం నేర్చుకున్నాక, 1969లో కానన్ తన మొదటి ఫ్లోరైట్ టెలిఫోటో లెన్సును, 300 ఎఫ్/5.6 ను, అమ్మకానికి పెట్టింది. ఈ స్ఫటికానికి వేడి పడదు, వేడెక్కితే గాజు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. కానన్ పెద్ద లెన్సులకు తెల్లరంగు వేయడానికి ఇదొక కారణం. రెంటచింతల ఎండలో నల్ల లెన్స్ గొట్టం ముట్టుకున్నవాళ్లకు ఆ తెల్లరంగు విలువ చెప్పక్కర్లేదు.

మిగతాది కటకాలను వెనక్కి జరపడంలో తగ్గింది. ముందు కటకం వెలుతురును శంకువులా కుదిస్తూ వెనక్కి పంపుతుంది. వెనక్కి వెళ్లేకొద్దీ ఆ శంకువు సన్నబడుతుంది. పాత లెన్సుల్లో రెండో కటకం, మూడో కటకం మొదటిదాన్ని అంటిపెట్టుకుని ఉండేవి కాబట్టి అవీ సాసరంత ఉండక తప్పేది కాదు. వాటిని శంకువు సన్నబడిన చోటికి జరిపితే చిన్న కటకాలే సరిపోతాయి. 2018లో కానన్ మూడో రూపంలో చేసింది ఇదే. అదే ఏడాది జూన్‌లో సోనీ ప్రకటించిన 400 ఎఫ్/2.8, 2,895 గ్రాములది, కూడా ఈ దారిలోనే నడిచింది. కానన్ 400 ఎఫ్/2.8 అయితే 3,850 గ్రాముల నుంచి ఒక్క గెంతులో 2,840కి దిగింది.

వెనక్కి జరపడం వల్ల దక్కిన అసలు లాభాన్ని తూకపురాయి చూపించదు. రోకలిని మధ్యలో పట్టుకుంటే పసిపిల్లాడైనా ఎత్తుతాడు. అదే రోకలిని ఒక చివర పట్టుకుని అడ్డంగా నిలపమంటే పహిల్వాను మణికట్టు కూడా వణుకుతుంది. బరువు మారలేదు, బరువున్న చోటు మారింది. భౌతికశాస్త్రం దీన్ని బలభ్రామకం అంటుంది. బరువును పట్టు నుంచి దూరంతో గుణిస్తే వచ్చేది. లెన్స్ కొనకున్న కిలో గాజు పట్టుకు 30 సెంటీమీటర్ల దూరం నుంచి 15కు జరిగితే చేతిని కిందికి లాగే బలభ్రామకం సగమవుతుంది. ఎగిరే పక్షితోపాటు లెన్సును చటుక్కున తిప్పడానికి అడ్డొచ్చే జడత్వ భ్రామకంలో ఆ కిలో వాటా నాలుగో వంతుకు దిగుతుంది, ఎందుకంటే అక్కడ దూరం వర్గం లెక్కలోకి వస్తుంది. అంగడిలో రెండు లెన్సులు ఒకే బరువని రాసి ఉన్నా ఒకటి తేలిగ్గా, ఒకటి బండలా అనిపించడంలోని రహస్యం ఇది. జూమ్ చేస్తే ముందుకు సాగే గొట్టమున్న లెన్సులైతే చేతిలో ఉండగానే బరువు చోటు మారుస్తుంటాయి. సోనీ 200–600 లాంటివి, 2,115 గ్రాములవి, లోపలే జూమ్ అవుతాయి కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక్కడొక తిరకాసు ఉంది. దొమ్మరి ఆటలో తాడు మీద నడిచేవాళ్లు పొడవాటి గడ పట్టుకుంటారు. గడ కొనలు దూరంగా ఉండడం వల్లే అది చటుక్కున తిరగదు, నడిచేవాళ్లకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ముందు బరువున్న లెన్స్ కూడా అంతే, చిన్నచిన్న వణుకుల్ని తన మొద్దుతనంతో అణిచేస్తుంది. మరీ తేలికైన లెన్స్ గుండె కొట్టుకున్నా ఊగుతుంది. పాతతరం ఫొటోగ్రాఫర్లు బరువైన లెన్సే స్థిరంగా ఉంటుందని వాదించేది ఊరికే కాదు. మొదటి అర నిమిషం వాళ్ల మాట నిజమే.

ఆ తర్వాతే కండరాలు లెక్క తేలుస్తాయి. నడుస్తున్నప్పుడు, తవ్వుతున్నప్పుడు కండరం బిగిసి సడలుతూ ఉంటుంది, సడలినప్పుడల్లా రక్తం పారుతుంది. బరువును కదలకుండా పట్టుకున్నప్పుడు సడలడం ఉండదు. బిగిసిన కండరమే తన రక్తనాళాలను నొక్కేసుకుంటుంది, అలసట కమ్ముకొస్తుంది. ఎంత స్థిరమైన చేతికైనా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఉండే సహజమైన సన్నని వణుకు ఉంటుంది. అలసట పెరిగేకొద్దీ ఆ వణుకు పెద్దదవుతుంది. లకుముకి పిట్ట నీటి మీద గాల్లో నిలబడి రెక్కలు కొట్టుకుంటూ ఎప్పుడు దూకుతుందో తెలియనప్పుడు అర నిమిషం ఇట్టే గడిచిపోతుంది. దించితే అప్పుడే దూకుతుంది. ఆ పిట్టతో పరిచయమున్న ఎవరికైనా ఇది అనుభవమే.

వణుకు ఎంత నష్టం చేస్తుందో ఒక కొలత చెబుతుంది. 45 మెగాపిక్సెళ్ల పూర్తి ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 4.35 మైక్రోమీటర్లు. 600 మిల్లీమీటర్ల లెన్స్ వెనక ఆ పిక్సెల్ ఆకాశంలో కప్పే కోణం, పది మీటర్ల దూరంలో పట్టుకున్న ఒక్క తలవెంట్రుక మందమంత. షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో లెన్స్ ఆ వెంట్రుకవాసి దాటి కదిలితే చిత్రం అలుక్కుపోవడం మొదలవుతుంది. షట్టర్ వేగం ఫోకల్ లెంగ్త్‌కు తగ్గకూడదని, అంటే 600 లెన్సుకు సెకనులో ఆరువందలో వంతు అయినా ఉండాలని పాతకాలం ఫిల్ము వాళ్లు పెట్టుకున్న నియమం ఇందుకే.

1995లో కానన్ 75–300 లెన్సుతో ఎస్ఎల్ఆర్ కెమెరాలకు వణుకు ఆపే ఏర్పాటు వచ్చింది. గైరోస్కోపు సెన్సర్లు వణుకును పసిగడతాయి, లోపలి కటకాల గుంపొకటి దానికి ఎదురు జరిగి బింబాన్ని నిలబెడుతుంది. కానన్ 600 మూడో రూపం ఐదు స్టాపుల మేర ఆపుతుందని కంపెనీ చెబుతుంది. అంటే లెక్కప్రకారం 32 రెట్లు నెమ్మది షట్టర్, ఆరువందలో వంతు బదులు ఇరవయ్యో వంతు. చెట్టు మీద కునుకు తీస్తున్న గుడ్లగూబకు ఇది వరం. రెక్క విప్పిన పాలపిట్టకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. యంత్రం ఆపేది చేతి వణుకునే కానీ పిట్ట రెక్కను కాదు. దానికి రెండువేలో వంతో, మూడువేలో వంతో షట్టర్ కావలసిందే. ఆ వేగంలో చేతి వణుకు ఎటూ కనపడదు. మరి అప్పుడు తేలిక లెన్స్ దేనికంటే, పిట్టను వెంబడించడానికి. 600 లెన్సులో అడ్డంగా కనిపించేది మూడున్నర డిగ్రీల లోపే, చేయి చాచి రెండు వేళ్లు జోడిస్తే మరుగుపడేంత ఆకాశం. ఆ కిటికీలోంచి పాలపిట్ట పల్టీలు జారిపోకుండా ఉండాలంటే లెన్స్ మెడ తిప్పినంత సులువుగా తిరగాలి.

తేలిక లెన్సుల కథలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఒక ఫ్రెంచి ఇంజనీరుది. ఒగుస్తాఁ ఫ్రెనెల్ రోడ్లు వేయించే ప్రభుత్వోద్యోగి, తీరిక వేళల్లో వెలుతురు గురించి ఆలోచించేవాడు. వెలుతురు తరంగమని వాదిస్తూ ఫ్రెంచి సైన్సు అకాడమీ పోటీకి వ్యాసం పంపాడు. న్యాయనిర్ణేతల్లో ఒకడైన ప్వాసోఁకు ఆ వాదన నచ్చలేదు. ఇదే నిజమైతే గుండ్రటి బిళ్ల నీడ నడిబొడ్డున వెలుగుచుక్క కనిపించాలి, అంతకన్నా అసంబద్ధం ఉంటుందా అని అడిగాడు. మరో న్యాయనిర్ణేత ఆరగో ప్రయోగం చేసి చూస్తే ఆ చుక్క నిజంగానే అక్కడుంది. 1819లో బహుమతి ఫ్రెనెల్‌కే వచ్చింది.

తర్వాత అతనికి దీపస్తంభాల పని అప్పగించారు. దీపం వెలుతురును సముద్రం మీదికి కిరణంగా పంపాలంటే పెద్ద కటకం కావాలి, అంత పెద్దది మోయలేనంత బరువు. ఫ్రెనెల్ గమనించింది ఇది: కటకంలో వెలుతురును వంచేది ఉపరితలం వాలు మాత్రమే, నడుమనున్న మందం వట్టి దండగ. ఆ మందాన్ని కోసి పారేసి, వాలును మాత్రం మెట్లుమెట్లుగా ఉన్న గాజు వలయాల్లో మిగిల్చాడు. 1823లో జిరోండ్ నది సముద్రంలో కలిసేచోట కోర్దువాఁ దీపస్తంభంలో అది వెలిగింది. నాలుగేళ్లకే, 39 ఏళ్ల వయసులో, ఫ్రెనెల్ చనిపోయాడు.

దీపస్తంభానికి పనికొచ్చిన ముతక మెట్లు ఫొటోకు పనికిరావు. మెట్లను మైక్రోమీటర్ల ఎత్తుకు సన్నగా చెక్కితే మాత్రం కొత్త సంగతి మొదలవుతుంది. వెలుతురు అక్కడ వక్రీభవనంతో కాక వివర్తనంతో, అంటే తరంగ స్వభావంతో వంగుతుంది. సీడీ మీద రంగులు కనిపించేది ఈ వివర్తనం వల్లే. గాజు నీలిరంగును ఎక్కువ, ఎరుపును తక్కువ వంచుతుంది. వివర్తనంలో ఆ వరుస తలకిందులు, ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. ఒకదాని తప్పును ఇంకోటి దిద్దుతుంది. మామూలు లెన్సులో రంగుల చెదురును దిద్దడానికి కుంభాకార కటకం వెనక బరువైన పుటాకార కటకం పెడతారు, అది రంగుల్ని దిద్దుతూనే మొదటిదాని శక్తినీ కొంత తినేస్తుంది. సన్నని వలయాల కటకం ఒకటి చేరితే ఆ బరువులో చాలా భాగం అక్కర్లేదు, గొట్టమూ పొట్టిదవుతుంది. ఫ్రెనెల్ ఆలోచనలు రెండూ, మెట్ల కటకమూ తరంగ సిద్ధాంతమూ, ఒకే గాజు ముక్కలో కలుసుకున్నాయన్నమాట.

కానన్ 2001లో 400 ఎఫ్/4 లెన్సులో దీన్ని మొదట వాడింది. చిత్రాలు కాస్త పాలిపోయినట్టున్నాయని విమర్శలొచ్చాయి, 2014 నాటి రెండో రూపం ఆ మాట చాలావరకు పడనివ్వలేదు. నికాన్ 2015 జనవరిలో ప్రకటించిన 300 ఎఫ్/4 కేవలం 755 గ్రాములు, అంతకుముందున్నది 1,440. 2018లో 500 ఎఫ్/5.6 ను 1,460 గ్రాముల్లో తెచ్చినప్పుడు దానికోసం జనం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. 2022లో 800 ఎఫ్/6.3 వచ్చింది. దాని బరువు 2,385 గ్రాములు. పాత 800 ఎఫ్/5.6 బరువు 4,590.

ఈ వలయాలకు ఒక అవలక్షణం ఉంది. ఫ్రేములో గట్టి దీపమో సూర్యుడో ఉంటే దాని చుట్టూ రంగుల వలయాలు కమ్ముతాయి. పులికాట్‌లో పొద్దు వాలుతుండగా సూర్యబింబం మీద ఫ్లెమింగోల బారు నల్లగా సాగిపోయే దృశ్యమే కావాలనుకున్నవాళ్లు కొనేముందు ఒకసారి అలాంటి వెలుతురులో పరీక్షించి చూసుకోవాలి. వెలుగు వీపున ఉంచుకుని తీసేవాళ్లకు ఏళ్ల తరబడి ఆ దోషం కంటపడకపోవచ్చు.

చిన్న సెన్సర్ కెమెరాల వాళ్లు ఈ బరువుల గోల చూసి నవ్వుకుంటారు. ఒలింపస్ 300 ఎఫ్/4 లెన్స్ 1,270 గ్రాములే, దాని చిన్న సెన్సర్ మీద అది 600 లెన్సంత దగ్గరగా చూపిస్తుంది. ఎఫ్/4 కూడా ఉంది కదా అంటారు. ఇక్కడ మళ్లీ ద్వారం వ్యాసం చూడాలి: 300ను నాలుగుతో భాగిస్తే 75 మిల్లీమీటర్లు. పక్షి నుంచి అది పోగుచేసే వెలుతురు పూర్తి ఫ్రేముపై 600 ఎఫ్/8 పోగుచేసేదానికి సమానం. మోసమేమీ లేదు, బేరంలో ఇంకో మెట్టు దిగారంతే. నీడ తక్కువున్న చెరువుగట్ల మీద తిరిగేవాళ్లకు అది మంచి బేరమే.

చీకటి చిక్కని చోట మాత్రం పాత పెద్ద గాజుకు సాటి లేదు. అమ్రాబాద్ అడవిలో సాయంత్రం ఐదు దాటాక, వెదురు నీడలో పులి నిలబడితే ఎఫ్/4 కు, ఎఫ్/6.3 కు మధ్య తేడా ఫొటో ఉండడానికి, లేకపోవడానికి మధ్య తేడా కావచ్చు. వెనకనున్న పొదలను పొగలా కరిగించడంలోనూ 150 మిల్లీమీటర్ల ద్వారం ముందు 95 తేలిపోతుంది. అయితే అక్కడ లెన్సును మోసేది చేయి కాదు, జీపు. కిటికీ అంచున బీన్‌బ్యాగ్ వేసి దాని మీద ఆనిస్తే మూడు కిలోలైనా ఐదు కిలోలైనా ఒకటే. పది లక్షల రూపాయలు దాటే ఆ లెన్సులు జీపులో తిరిగేవాళ్లకు అర్థవంతమైనవి. ఆటపాక పడవకో, ఉప్పలపాడు చెరువుగట్టుకో వాటిని మోసుకెళ్లడం ముచ్చటే తప్ప అవసరం కాదు.

బరువుతోపాటు పొడవు మీదా మోజు తగ్గించుకోవాల్సిన సందర్భం ఒకటుంది. వేసవిలో పదకొండు దాటాక రోళ్లపాడు గడ్డిమైదానం మీద గాలి మరిగే నీటిలా అల్లాడుతుంది. నేలకు దగ్గర వేడిగాలి, పైన కాస్త చల్లగాలి, వాటి పొరల్లో వెలుతురు వంకర్లు పోతుంది. అప్పుడు 800 లెన్స్ చూపించేది పిట్టను కాదు, పిట్టకూ కెమెరాకూ నడుమనున్న ఆవిరిని. ఏ స్ఫటికమూ, ఏ గైరోస్కోపూ దాన్ని దిద్దలేవు. తెల్లవారుజామున అక్కడుండడమొక్కటే మందు.

మద్రాసు ప్రకృతివేత్త ఎం. కృష్ణన్ (1912–1996), తమిళ నవలాకారుడు మాధవయ్య కొడుకు, దశాబ్దాలపాటు అడవుల్లో ఏనుగులను నలుపు తెలుపుల్లో ఫొటోలు తీశాడు. తానే కూర్చి అతికించుకున్న తన భారీ కెమెరాకు ‘సూపర్ పాండరోసా’ అని ముద్దుపేరు పెట్టుకున్నాడు. మోయలేని బరువును వెక్కిరించే పేరది. వెక్కిరిస్తూనే మోశాడు, ఆయనకు ఇంకో దారి లేదు మరి.

ఇప్పటివాళ్లకు దారులు ఎక్కువై తికమక. అంగట్లో లెన్సును రెండు నిమిషాలు పట్టుకుని ‘అబ్బ, ఎంత తేలిక’ అనుకోవడం పరీక్ష కాదు. కెమెరా బిగించి, కంటికి ఆనించి, ఎడమ మోచేయి పక్కటెముకలకు తగిలించి, రోడ్డుకవతలి కరెంటు తీగ మీది కాకిని అది ఎగిరిపోయేదాకా చూస్తూ ఉండాలి. కాకి ఓపికకూ చేతి ఓపికకూ పోటీ. ఆ పోటీలో ముందు ఏది వణికిందో, భుజమా మణికట్టా అన్నది, ఏ పట్టికలోనూ ఉండదు. భుజం వణికితే మొత్తం బరువు ఎక్కువన్నట్టు. మణికట్టు వణికితే బరువు ముందుకు ఒరిగిందన్నట్టు, అప్పుడు అదే బరువున్న ఇంకో లెన్స్ సరిపోవచ్చు.

అలవాటైనవాళ్లు అక్కడితో ఆగరు. నికాన్ 600 ఎఫ్/6.3 కు ట్రైపాడ్‌కు బిగించే పాదం ఊడుతుంది. ఊడదీస్తే లెన్స్ 1,390 గ్రాములు. పడవ గట్టు వదలగానే ఆ పాదాన్ని విప్పి ప్యాంటు జేబులో వేసుకుంటారు. జేబులో ఎనభై గ్రాములు బరువే కాదు. ఎడమ అరచేయి ఇక నేరుగా గొట్టం కిందికి వెళ్లి, బరువు నిలిచేచోటు వెతుక్కుంటుంది.